మూతగుడ్డ కింద చెయ్యి

నా రాతలో తప్పులు దొర్లితే మన్నించండి. అక్షరాలు నేర్చుకునేసరికే తల నెరిసిపోయింది, ఒక్కో మాట రాయడానికి చాలాసేపు పడుతుంది. అయినా కసిల్డా నోటనే విన్న ఈ సంగతి నేనే రాయాలనిపించింది.

బొలీవియాలో మా పునాటా సంతలో అమ్ముకునే ఆడవాళ్లకి ఒక కుండ ఉండేది. నెలకోసారి సంత ముగిశాక ప్రిమిటీవా అనే ఆవిడ చిచా, అంటే మొక్కజొన్న కల్లు, అమ్మే కొట్టు వెనక గదిలో చేరేవాళ్లు. కుండ మీద మందపాటి రంగుల గుడ్డ కప్పి ఉండేది. ఒక్కొక్కరూ పిడికిలి బిగించి గుడ్డ కిందకి పోనిచ్చి, వేసేది చప్పుడు కాకుండా అడుగున పెట్టి, తిరిగి పిడికిలి బిగించే బయటికి తీయాలి. ఎవరెంత డబ్బు వేశారో, అసలు వేశారో లేదో ఎవరికీ తెలియకూడదు. పోగైనది మూటకట్టి ఊళ్లో కష్టంలో ఉన్న ఒకరికి ఇచ్చేవాళ్లు. ఆ కష్టం చెప్పేటప్పుడు మనిషి పేరు చెప్పకూడదు. పేర్లు చెప్పుకున్న రోజుల్లో జుట్లు పట్టుకున్నంత పని అయింది మరి. సరేనంటే మొక్కజొన్న గింజ, వద్దంటే నల్ల చిక్కుడు గింజ సంచిలో వేయాలి. ఒక్క చిక్కుడు గింజ పడినా ఆ మాట వచ్చే నెలకి వాయిదా.

ఈ కట్టుబాట్లన్నీ పెట్టింది కసిల్డాయే. బంగాళాదుంపలు అమ్మేది, అందరిలోకీ పెద్దది. భర్త పోయాక ఆమెకి మిగిలిన పెద్దరికమంతా ఆ గదిలోనే ఉంది. "మనం ఇచ్చేవాళ్లమే పిల్లా, గుర్తుంచుకో" అనేది కొత్తగా చేరినవాళ్లతో.

ఆ ఏడాది ఫిబ్రవరి వానలకి ఆమె ఇంటి కప్పు సగం కూలింది. దాచుకున్న దుంపలు తడిసి కుళ్లాయి. మంచం వంటింట్లోకి జరుపుకుంది. సంతలో ఎవరికీ చెప్పలేదు. కుండలోకి మాత్రం నెలనెలా ఖాళీ పిడికిలి పంపి, ఖాళీ పిడికిలే తీసేది.

మా వైపు చలి మొదలయ్యే మే నెలలో ప్రిమిటీవా గొంతు సవరించుకుంది.

"ఒక ఇల్లు. కప్పు పడిపోయింది. ఇంటావిడ పొయ్యి పక్కన పడుకుంటోంది. చలి ముంచుకొస్తోంది."

కసిల్డాకి చెవులు వేడెక్కాయి. కిందటి వారం జల్లెడ తిరిగిస్తానని ప్రిమిటీవా గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రానివ్వలేదు గానీ, ఆ గుమ్మంలో నిలబడితే చాలు, ఆకాశం కనిపిస్తుంది.

"పెద్దక్కా, నువ్వేమంటావు?" అంది ఉల్లిపాయలమ్మే రుఫీనా. ఆ పిల్లకి ఏమీ తెలియదు.

"ఊళ్లో ఇంతకంటే కష్టపడేవాళ్లు లేరా?"

"చలికి బిగుసుకు చస్తే గానీ కష్టం కాదా ఏంటి?" అంది ప్రిమిటీవా.

సంచి తిరిగింది. గుమ్మరిస్తే పసుప్పచ్చ గింజల మధ్య ఒకే ఒక నల్ల గింజ. జూన్‌లో మళ్లీ అదే ఇల్లు, మళ్లీ అదే గింజ.

"ఈ గింజ వేసిన మహాతల్లిని ఒక్క రాత్రి ఆ ఇంట్లో పడుకోమనండి, తెలిసొస్తుంది!" అని మండిపడింది రుఫీనా.

"పడుకుంటూనే ఉందేమో" అంది ప్రిమిటీవా, చిచా వంచుతూ.

కసిల్డా తన గ్లాసు ముందుకి జరిపింది.

జూలైలో ప్రిమిటీవా సంచి తీయనే లేదు. పోగైన డబ్బంతా మూటకట్టి వేసిన కుండని ముందుకి జరిపింది. "ఈసారి గింజల్లేవు. అందరం చెయ్యి పెడదాం. ఆ ఇంటావిడ మనలో ఉంటే తీసుకుంటుంది, లేకపోతే కుండ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది."

"అదెక్కడి పద్ధతి?" అంది కసిల్డా.

"నీ పద్ధతే, కొమాద్రె." ప్రిమిటీవా కొడుక్కి బాప్తిస్మమప్పుడు కసిల్డా జ్ఞానతల్లిగా నిలబడింది. ఆనాటి నుంచీ ఇద్దరి మధ్యా అదే పిలుపు. "గుడ్డ కింద ఏం జరిగిందో ఎవరికీ తెలియకూడదని నువ్వే కదా అన్నావు?"

చివరి వంతు ఎప్పుడూ పెద్దావిడదే. ఒక్కొక్కరే వచ్చి వెళ్లారు. రుఫీనా కాస్త తాత్సారం చేస్తే, "బావి తవ్వుతున్నావుటే?" అని ఎవరో నవ్వారు.

కసిల్డా వేళ్లకి గుడ్డమూట తగిలింది. వదిలేస్తే వచ్చే నెలా ఇచ్చేదానిలాగే ఇదే పీట మీద కూర్చోవచ్చు. ఇన్నేళ్లలో మూట అందించిన ప్రతిసారీ తీసుకున్నవాళ్ల ముఖంలోకి చూసేది. వాళ్ల తలవంపు చూద్దామనే చూసేదని ఇప్పుడు అర్థమైంది. ఇక్కడ మాత్రం ఎవరూ చూడడంలేదు. ప్రిమిటీవా గ్లాసులు తుడుస్తోంది, మిగతావాళ్లు టోపీలు సర్దుకుంటున్నారు.

ఆమె పిడికిలి బిగించింది. మూటతో సహా అది కుండ మూతి దగ్గర ఇరుక్కుంది.

"అయ్యో అక్కా, చెయ్యి రావట్లేదా?" అంది రుఫీనా.

"నోర్ముయ్!" గదంతా ఒక్కసారే అంది.

"ఆ కుండ మూతి చిన్నది" అంది ప్రిమిటీవా వెనక్కి తిరగకుండానే. "కాస్త పక్కకి తిప్పు, వస్తుంది."

తిప్పింది. వచ్చింది. వచ్చిన పిడికిలి నేరుగా శాలువా కిందకి పోయింది.

ఆగస్టులో కప్పు వేశారు. సంత ఆడవాళ్లంతా ఉడికించిన మొక్కజొన్న తెచ్చుకుని వచ్చి పెంకులు అందించారు. డబ్బు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. రుఫీనా కూడా.

ఆ నెల కుండ దగ్గర కసిల్డా వంతు వచ్చింది. చెయ్యి లోపలికి పోయింది. అడుగున నాణెం ఖంగుమంది. ఆ గదిలో అలాంటి చప్పుడు అంతకు ముందు ఎవరూ విననేలేదు.

"మెల్లగా, కొమాద్రె" అంది ప్రిమిటీవా. "కుండ పగలగొడతావా?"

ఇట్లు, ఎవులాలియా సురిటా, వయసు డెబ్బై మూడు. ఇప్పుడు కొచబాంబాలో చిన్నకూతురి దగ్గర ఉంటున్నాను.