కొన్నదేనండీ

బయట ఏదైనా కొనడమంటే మా ఆయనకి నామోషీ. ఐస్‌క్రీము ఇంట్లోనే, టమాటా సాసు ఇంట్లోనే, పిల్లల పుట్టినరోజు కేకు కూడా ఇంట్లోనే, ఇసుక పోసిన కుక్కర్లో. ఒక వేసవిలో పత్రికలో చూసి సబ్బులు కూడా చేయించారు. ఒళ్ళంతా దురద పుట్టి వారం రోజులు కొబ్బరినూనె రాసుకున్నాం. చేయించారు అంటున్నాను గానీ చేసిందంతా నేనే. ఆయన మడత మంచం మీద కూర్చుని, అదే వస్తువు షాపులో ఎంత పలుకుతుందో చెబుతూ ఉండేవారు.

ఆయన పేరు జగన్నాథరావు. రాజమండ్రిలో మాకు ఎరువుల కొట్టుంది. ఆలమూరు దగ్గర నాలుగెకరాలు కౌలుకిచ్చాం. లేనివాళ్ళం కాదు. అది ముందే చెప్పాలి, లేకపోతే మీరు జాలిపడతారు. మా ఆయన పిసినారని కూడా ఎవరూ అనరు. గుడికి చందా అడిగితే ఇస్తారు, చుట్టాలొస్తే చేపల పులుసు పెట్టిస్తారు. ఇంట్లో ఆడది ఉండగా డబ్బు తీసుకెళ్ళి బయట ఎందుకు పోయాలన్నదే ఆయన పట్టుదల. "మా దుర్గ చేతిలో పడితే ఏదైనా హోటల్ దానికంటే బాగా వస్తుందండి" అని నలుగురిలో అనేవారు. ఆ మాటకి నేను పొంగిపోయేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇరవై ఏళ్ళు ఆ ఒక్క మాట కోసమే వండాను.

2005లో మా ఊళ్ళో పిజ్జా షాపు తెరిచారు. అద్దాల తలుపు, ఎర్ర కుర్చీలు, లోపల ఏసీ. అప్పుడు మా అమ్మాయి హారతి ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు ఆ అద్దం ముందు కాసేపు సైకిలాపి చూసి వచ్చేది. లోపల కూర్చున్నవాళ్ళు చేతులతో తింటున్నారా, చెంచాలతో తింటున్నారా అన్నది కూడా ఇంటికొచ్చి నాకు చెప్పేది. ఎంసెట్ పరీక్షకి వారం ముందు వాళ్ళ నాన్నని అడిగింది.

"నాన్నా, మంచి ర్యాంకొస్తే నన్ను పిజ్జా షాపుకి తీసుకెళ్తావా?"

"రానీ అమ్మలూ. ఒకటి కాదు, రెండు తిందాం" అన్నారాయన.

ర్యాంకు వచ్చింది. పదకొండొందల చిల్లర. కాకినాడ గవర్నమెంటు కాలేజీలో ఇంజనీరింగ్ సీటు ఖాయమని వాళ్ళ లెక్చరరు ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళారు. మా పెద్దవాడు మురళీకృష్ణకి అంతకు రెండేళ్ళ ముందు వచ్చింది నలభై ఎనిమిది వేలు. వాడికి హైదరాబాదులో డొనేషను కట్టి సీటు కొన్నాం. ఆలమూరు పొలం అప్పటిదాకా ఐదెకరాలుండేది.

ఆ సాయంత్రం హారతి తల దువ్వుకుని, గులాబీరంగు చుడీదార్ వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన కొట్టు నుంచి వచ్చారు. చేతిలో పిజ్జా షాపు వాళ్ళు పంచిన రంగుల కాగితం ఉంది. చెప్పులు విప్పకుండానే దాన్ని నా చేతికిచ్చారు.

"ఏముందే ఇందులో? రొట్టె, దానిమీద సాసు, కాస్త చీజు. రెండొందల పదిహేనంట! నువ్వు చేస్తే డెబ్బై అవుద్దా? అక్కడ ఎవడో చేసింది తినే కంటే అమ్మ చేతిది తిందాం అమ్మలూ."

హారతి నా వైపు చూసింది. 'వద్దండీ, పిల్ల సరదాపడింది, తీసుకెళ్ళండి' అని నేనొక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నా బుర్రలో అప్పటికే పిండి ఎంత కలపాలో లెక్క మొదలైంది. "చేస్తాలే. ఆ షాపుదానికంటే బాగా చేస్తా" అన్నాను. అది లోపలికెళ్ళి చుడీదార్ మార్చుకుని నైటీలో వచ్చింది.

మొదటిసారి పెనం మీద వేస్తే అడుగు మాడింది, పైన చీజు కరగలేదు. మర్నాడు మా వీధి చివర రూతు బేకరీకి పట్టుకెళ్ళాను. రూతు భర్త పోయాక ఆ బేకరీని ఒంటిచేత్తో నడుపుతోంది. మైదా, డాల్డా, పంచదార మనం తీసుకెళ్తే బిస్కట్లు చేసి, బట్టీలో కాల్చి ఇస్తుంది. కిలోకి ఇంతని కూలి. వేసవి సెలవులొస్తే మా వీధి ఆడవాళ్ళందరం డబ్బాలు పట్టుకుని ఆవిడ అరుగు మీదే ఉండేవాళ్ళం. నేను చెప్పింది విని రూతు ఈస్టు ఇచ్చింది, గోరువెచ్చటి నీళ్ళలో ఎంతసేపు ఉంచాలో చెప్పింది, పిండి పొంగాక తెమ్మంది. తెచ్చాక రేకు ట్రేలో పరిచి, పైన నేను తెచ్చిన సాసూ చీజూ క్యాప్సికం ముక్కలూ వేసింది.

"బట్టీ కూలి పదిహేనండీ" అంది.

"అయితే అంతా కలిపి డెబ్బై రెండు. మా ఆయన చెప్పినట్టే వచ్చింది" అన్నాను గొప్పగా.

"అందులో మీ కూలెంత వేశారు దుర్గగారూ?"

"నాకు కూలేంటి రూతమ్మా, మా ఇల్లేగా!" అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పొడవాటి కర్రతో ట్రేని బట్టీలోకి తోసి, చెమట తుడుచుకుంది.

పిజ్జా బాగా వచ్చింది. అబద్ధం చెప్పను, నాకు గర్వంగానే ఉంది. ఆయన మొదటి ముక్క తిని తలూపారు, రెండోది తీసుకున్నారు.

"అంచు మాత్రం కాస్త గట్టిపడిందే. అక్కడిదైతే మెత్తగా ఉంటుంది. చీజు కూడా ఇలా లాగితే తీగలా సాగుద్ది."

"మీరెప్పుడు తిన్నారండీ?" అన్నాను.

"మొన్న మురళి దగ్గరికెళ్ళినప్పుడు. హాస్టలు తిండి తిని ఎంత చిక్కిపోయాడో నీకు చెప్పాగా. వాడి ఫ్రెండ్సు ముగ్గురొచ్చారు. నాలుగు తెప్పించాం. కుర్రాళ్ళు ఎంత సరదాగా తిన్నారనుకున్నావ్!"

ఆయన మొహంలో తప్పు చేసిన ఛాయలు ఏ కోశానా లేవు. కొడుక్కి తండ్రి తినిపించడం తప్పెలా అవుతుంది? దాచాలన్న ఆలోచన కూడా రాలేదాయనకి. హారతి చేతిలో ముక్క కంచంలో పెట్టింది. కాసేపు దాన్ని చూసి, మళ్ళీ తీసుకుని మొత్తం తినేసింది. "చాలా బాగుందమ్మా" అంది. నాకు అప్పుడు కోపం రావాలి. రాలేదు. బాగుందన్న మాటకే మురిసిపోయాను.

జులైలో కౌన్సిలింగ్‌కి పిలుపొచ్చింది. ఆయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివి బీరువా మీద పెట్టారు.

"కాకినాడంటే హాస్టల్లో పెట్టాలి. నెల నెలా ఖర్చు, పైగా ఆడపిల్ల. దూరవిద్యలో బీకాం కట్టేద్దాం. పుస్తకాలు ఇంటికే వస్తాయి, ఆదివారం క్లాసులకెళ్తే సరిపోద్ది."

"దానికి ర్యాంకు వచ్చిందండీ" అన్నాను. "వాడికి పొలం అమ్మి సీటు కొన్నాం. దీనికి ఊరికే ఇస్తామంటున్నారు."

"మగపిల్లాడి సంగతి వేరు. అయినా నువ్వే చెప్పు దుర్గా, నువ్వు చేసిన పిజ్జా ఆ షాపుదానికి ఏమైనా తీసిపోయిందా? చదువూ అంతే. చదివే పిల్ల ఇంట్లో కూర్చుని కూడా చదువుద్ది."

నేను చేసినదాన్నే తెచ్చి నా నోట్లో కుక్కారు. అది మాడిపోయినా బాగుండేది, ఉప్పెక్కువైనా బాగుండేది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనకి జ్వరం వచ్చింది, మిరియాల చారు పెట్టిచ్చాను. నా పోరాటం అంతే, దాన్ని ఇంతకంటే పెద్దది చేసి చెప్పలేను.

కౌన్సిలింగ్ రోజు హారతి మధ్యాహ్నం దాకా కిటికీ దగ్గర కూర్చుంది. ఏడుస్తుందేమోనని నేను అటూ ఇటూ తిరుగుతూ కనిపెట్టుకుని ఉన్నాను. మూడింటికి వంటింట్లోకొచ్చి, "అమ్మా, ఈస్టు ఎంత వెయ్యాలి?" అని అడిగింది. చేతికి ఏదో ఒక పని కావాలి కదా అనుకుని చెప్పాను.

ఆర్నెల్లు తిరిగేసరికి నన్ను మించిపోయింది. బీకాం పుస్తకాలు పోస్టులో వచ్చిన కట్ట విప్పకుండా ఉండేవి గానీ పిండి ఏ రోజు ఎంతసేపట్లో పొంగుతుందో చూసి చెప్పేది. వెల్లుల్లి కారంలో రొయ్యలు వేయించి పైన పరిచేది. రూతు కూడా ఒక ముక్క అడిగి తిన్నది. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన, "మా హారతి చేతిలో పడితే ఏదైనా హోటల్ దానికంటే బాగా వస్తుందండి" అనడం మొదలుపెట్టారు. ఒక్క అక్షరం మారలేదు, నా పేరు తీసి దాని పేరు పెట్టారు. ఆ మాటకి దాని మొహం విప్పారేది. అలా పొంగిపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు గనక చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

మరుసటి ఏడాది వేసవిలో తుని నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు లోవరాజు, సొంత హార్డ్‌వేర్ షాపు. పిల్లకి పంతొమ్మిదేళ్ళైనా నిండలేదన్నాను. ఆయన వినలేదు.

"బజ్జీలూ స్వీటూ అందరూ పెడతారే. మనం అమ్మాయి చేత పిజ్జా చేయిద్దాం. తునిలో ఎవరు పెడతారు ఇలా?"

పెళ్ళిచూపుల రోజు హారతి పొద్దున్నే లేచి పిండి కలిపింది. రొయ్యలు తనే ఒలిచింది. చీర కట్టుకోవాలి గనక బేకరీకి నేను వెళ్ళాను. పెళ్ళివారికని తెలిసి, రూతు పిజ్జాని కొత్త కేకు డబ్బాలో పెట్టి, దారం కట్టి ఇచ్చింది.

అబ్బాయి, వాళ్ళమ్మ రత్నమాణిక్యంగారు వచ్చారు. ఆవిడ మంచి మనిషే, మాట నిదానం. హారతి పళ్ళేలు అందించి, వంటింటి గుమ్మం పక్కన నిలబడింది. ఆవిడ ఒక ముక్క తిని ఆశ్చర్యపోయారు.

"ఇది ఇంట్లోనే చేసిందా అమ్మాయి? మావాడు ఆదివారం వస్తే దీనికోసం విశాఖపట్నం పరిగెడతాడండీ. వెళ్ళినప్పుడల్లా ఐదొందలు తగలేస్తాడు. ఇంక ఆ బెంగ లేదు. కోడలే చేసి పెడుతుంది, బయట కొనే పనే ఉండదు."

"ఒక్క రూపాయి బయట పెట్టక్కర్లేదండి. మా హారతి చేతిలో పడితే..." అని మొదలుపెట్టారు మా ఆయన.

ఆ మాట పూర్తవకూడదనిపించింది. హారతికి రాబోయే ఇరవై ఏళ్ళు నాకు అక్కడే కనిపించాయి. ఇసుక పోసిన కుక్కరు, సబ్బులు, మంచం మీద కూర్చుని ధరలు చెప్పే లోవరాజు.

"కొన్నదేనండీ" అన్నాను.

నేను వంటింట్లోకెళ్ళి కేకు డబ్బా తెచ్చి రత్నమాణిక్యంగారి ముందు పెట్టాను.

"మా వీధి చివర బేకరీలో కొన్నాం. ఇదిగోండి డబ్బా. మా అమ్మాయికి టీ పెట్టడం కూడా రాదండీ. చదువొక్కటే వచ్చు. ఎంసెట్లో పదకొండొందల ర్యాంకు తెచ్చుకుంది."

"దుర్గా!" అన్నారు మా ఆయన.

"ఆయన పొద్దస్తమానం కొట్టులో ఉంటారండి. ఇంట్లో ఎవరు చేశారో, ఏం చేశారో ఆయనకి తెలీదు."

రత్నమాణిక్యంగారు చేతిలో ముక్క పళ్ళెంలో పెట్టి, చెయ్యి తుడుచుకున్నారు. అబ్బాయి మాత్రం తలెత్తకుండా తింటూనే ఉన్నాడు. పావుగంటలో, కబురు చేస్తామని చెప్పి లేచారు. ఆ కబురు రాదని అందరికీ తెలుసు. మా ఆయన తలుపు దడాలున వేసి కొట్టుకి వెళ్ళిపోయారు.

నాకు భయం వెయ్యలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఎంసెట్ మళ్ళీ రాయిస్తాను, ఈసారి కౌన్సిలింగ్‌కి నా గాజులు అమ్మయినా నేనే తీసుకెళ్తాను అనుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. హారతి పట్టుచీరలోనే కింద కూర్చుని ఉంది. పరిగెత్తుకొచ్చి నన్ను కావిలించుకుంటుందనుకున్నాను.

"రొయ్యలు సరిగ్గా వేగలేదా అమ్మా?" అంది.

"భలే ఉన్నాయే. ఏం?"

"మరి నేను చేశానని ఎందుకు చెప్పలేదు?" అంది. "ఆవిడ అంత బాగుందన్నారు. నాన్న నా పేరే చెప్పబోతున్నాడు. పొద్దున్నించీ ఆ మాట కోసమే చూస్తున్నా. అందరి ముందూ నాకు టీ పెట్టడం కూడా రాదన్నావు!"

మోకాళ్ళలో మొహం దాచుకుని ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. గోళ్ళ సందుల్లో ఇంకా పిండి ఎండిపోయి ఉంది. కాకినాడ సీటు పోయిన రోజు కూడా అది ఏడవలేదు.