మూకుడు పెట్టని ఉగాది

"వస్త తియ్యి చెల్లె" అని త్రివేణి ఫోనులో అనగానే నిరోష వంటింట్లో ఒక్క గెంతు గెంతింది.

ఉగాది రేపే. కొల్లాపూర్‌లో తొలి బస్సెక్కితే పదింటికల్లా షాద్‌నగర్‌లో దిగుతుంది. భర్త కృష్ణకాంత్ కూడా ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి, అప్పటికి ఓ కునుకు తీసి లేస్తాడు. టిఫినూ భోజనమూ కలిపి పదకొండింటికి ఒకటే విస్తరి! పెళ్ళయి రెండు నెలలు. తన చేతుల మీదుగా జరిగే మొదటి పండుగ.

త్రివేణి ఆమెకు తోడికోడలు. కృష్ణకాంత్ అన్న అమరేందర్ పోయిన వానాకాలంలో గుండె ఆగి చనిపోయాడు. పిల్లల్లేరు. అప్పటి నుంచి త్రివేణి ఏ గడపా తొక్కలేదు, ముందే కుదిరిందని గుడిలో కానిచ్చిన వీళ్ళ పెళ్ళికైనా రాలేదు. నెల రోజులు బతిమాలితే ఇవాళ ఒప్పుకుంది.

నిరోష కరెంటు బిల్లు వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది. కొత్త కుండలో ఉగాది పచ్చడి. పూర్ణం పెట్టి పోలెలు. పులిహోర. మామిడికాయ పప్పు. గారెలు.

"గారెలు చేసుడు వస్తదా నీకు?" మంచం మీద నుంచి అడిగాడు కృష్ణకాంత్.

"రాకున్నా తింటానికి నువ్వున్నవు గద."

"తిన్నంక దవాఖానకు ఎవరు తీస్కపోతరు?"

"జర ఊకో! గారెకు నడుమ చిల్లు వడకున్నా తినాలె, ఇప్పుడే చెప్తున్న."

అతను నవ్వాడు. కాగితం మీద 'మిర్చి బజ్జీలు' కూడా చేరేసరికి మాత్రం నవ్వు ఆపేశాడు.

పోలెల్లోకి బెల్లమా, చక్కెరా అని అడగడానికి నిరోష మళ్ళీ ఫోన్ చేసి, లిస్టంతా గుక్కతిప్పుకోకుండా చదివింది.

"చెల్లె, మనకు పండుగ లేదు గదనే."

"మనకా అక్కా?"

"ఏడాది తిరిగేదాక మన ఇండ్లల్ల మూకుడు పెట్టరు. నూనె కాగొద్దు, పోలె కాలొద్దు. ఆయన నా ఒక్కదాని మనిషేనా? నీ పెనిమిటికి తోడవుట్టినోడు. నీకెవరు చెప్పలేదా?"

ఇన్నాళ్ళూ నిరోష చావు త్రివేణి ఇంట్లో జరిగిందనీ, తను ఓదార్చే మనిషిననీ అనుకుంది. ఆ బావను ఆమె చూసింది ఒక్కసారే. పెళ్ళిచూపుల్లో చాయ్ బాగుందని రెండో కప్పు అడిగి తాగాడు.

"తప్పయింది అక్కా. ఏం వండ. నువ్వైతే రా."

"వద్దు. నీ మొదటి పండుగ నేనెందుకు ఖరాబు చెయ్యాలె? తల్లిగారింటికి పోయి మంచిగ తినిరా."

"మరి నువ్వు?"

"పండుగ పూట ఒక్కదాన్నే ఎట్లుండాల్నో అనే వస్తనన్న. ఏమైతది తియ్యి. ఇరుగుపొరుగు ఇండ్లల్ల నుంచి పోలెల వాసన వస్తది, గంతే గద."

ఫోన్ పెట్టేసింది.

నిరోష మంచం దగ్గరికి వచ్చింది. "నీకు తెలుసా గిది?"

"తెల్సు."

"చెప్పవా మరి?"

"కాయితం పట్టుకొని అట్ల ఎగురుతుంటివి. మా వాళ్ళ మొఖాల మీద నవ్వు చూసి ఏడు నెలలైతాంది. చెప్పబుద్ధి కాలె." అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి అతని భుజాలు కదిలాయి. పెళ్ళయినప్పటి నుంచి అన్న పేరు అతని నోట ఒక్కసారీ వినలేదని నిరోషకు అప్పుడు తట్టింది. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. తనూ ఏడ్చింది.

తర్వాత ముఖం కడుక్కుని ఫోన్ అందుకుంది. త్రివేణి రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది.

"అక్కా, నేను తల్లిగారింటికి పోను. నువ్వు గూడ రావొద్దు. ఈయన పొద్దుగాల ఆరింటికి డ్యూటీ దిగి సీదా బస్టాండుకు వస్తడు, నేను ఆడనే ఉంట. పదకొండు కాకముందే మేం కొల్లాపూర్‌ల ఉంటం. పప్పు, అన్నం, పెరుగు, గంతే. రేపు మనం ముగ్గురం మీ ఇంట్ల తింటున్నం."