పదకొండింటి సంతకం

మా భవనం పాతది. మొదట విద్యార్థుల హాస్టలు, తర్వాత కొన్నాళ్ళు ఆసుపత్రి, ఆ తర్వాత చరిత్ర శాఖ. అవతల అద్దాల భవనం లేవగానే పాఠాలూ, పంతుళ్ళూ, చివరికి నోటీసు బోర్డూ మూటాముల్లే సర్దుకుని అటు వెళ్ళిపోయాయి. మేడమీద రీడింగ్ రూమూ, దాన్ని చూసుకునే నేనూ మిగిలాం.

రోజూ పద్నాలుగు కిటికీలు తీసి, బల్లలు తుడిచి, దర్జాగా కూర్చునేదాన్ని. ఒక్క నరపురుగూ వచ్చేది కాదు. మావారు పోయాక ఇంట్లో గోడలతో మాట్లాడుకోవడమే. ఇక్కడా అంతే అనుకోండి, కాకపోతే ఇక్కడి గోడల నిండా పుస్తకాలున్నాయి. ఈ గది కూడా పోతే పొద్దున్నే తలదువ్వుకుని ఎక్కడికి బయల్దేరాలో నాకు తెలియదు.

అలాంటప్పుడు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రిజిస్టరులో నెలకు వంద సంతకాలైనా లేకపోతే గది మూసేస్తారట. వందమందిని ఎక్కణ్ణుంచి పట్టుకురాను? ఒళ్ళు మండింది. రిజిస్టరు ముందుకు లాక్కుని నేనే మొదలుపెట్టాను, రోజుకు ఐదు. ఒకటి నీలం పెన్నుతో, ఒకటి నల్ల పెన్నుతో, ఒకటి ఎడమచేత్తో. తప్పేనని తెలుసు. అయినా పెట్టాను.

నెలాఖరున ఆఫీసు గుమాస్తా వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుని ఓపిగ్గా లెక్కపెడితే నూట పది తేలాయి. హమ్మయ్య అనుకునేలోగా అతని వేలు వెనక్కి జరిగి ఒకచోట ఆగింది. ప్రతి పేజీలోనూ పదకొండు గంటలకు ఒకే సంతకం.

“అమ్మా, ఈ మాస్టారు పోయి ఏడాది దాటింది కదా. సంతాపసభకు కుర్చీలు వేయించింది నేనే.”

ఆ సంతకం పనిగట్టుకుని పెట్టింది కాదు. చరిత్ర చెప్పే ఆ మాస్టారు రిటైరయ్యాక కూడా రోజూ పదకొండింటికి వచ్చి కిటికీ పక్కన కూర్చునేవారు. చివరి రెండేళ్ళూ చేతులు వణుకుతుంటే ఆయన సంతకం నేనే పెట్టేదాన్ని. పదకొండు కాగానే నా చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది.

మిగతావాళ్ళలో నిజంగా వచ్చినవాళ్ళెవరని గుమాస్తా మెల్లగా అడిగాడు.

“ఎవరూ రాలేదు బాబూ,” అన్నాను. “ఆయనొక్కరే వచ్చినట్టుండేది.”

అతను కోప్పడలేదు. దొంగ సంతకాల సంగతి పైవాళ్ళకు చెప్పననీ, ఎవరూ రాలేదని మాత్రం రాయక తప్పదనీ, గదిని కాపాడలేననీ అన్నాడు. తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

“మేడెక్కి వచ్చినవాళ్ళెవరైనా ముందు సంతకం పెట్టాలి. మీరూ అంతే.”

అతను పెన్ను తీసుకుని తన పేరు రాశాడు. వచ్చిన పని ఏమిటన్న గడిలో కాస్త తటపటాయించి, ‘గది మూసివేత’ అని రాసి సంతకం పెట్టాడు. నెలంతా కళ్ళు కాయలు కాచేలా చూస్తే, నిజంగా మెట్లెక్కి వచ్చిన మనిషి ఇతనొక్కడే. ఏడుపు ఆపుకోలేకపోయాను. తాళంచెవి అతని చేతిలో పెట్టి కిటికీలు మూయడానికి లేచాను.