పీలికల తివాచీలో నా జానెడు

మా అత్తగారితో వేగలేకపోతున్నాను. మా ఇంట్లో కుర్చీ మీద చొక్కా వేసి స్నానానికి వెళ్తే, తిరిగొచ్చేసరికి అది చొక్కాగానే ఉంటుందన్న నమ్మకం లేదు. ఆవిడ చేతిలో కత్తెర ఉంటుంది. "చంక దగ్గర చిరిగింది, నువ్వు చూసుకోలేదు" అంటుంది. చిరగలేదని మీరు అనొచ్చు. అని చూడండి. ఆవిడ ఎప్పుడైనా పొరబడ్డట్టు ఈ ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఆవిడకైతే అసలు లేదు. గడియారం ఆవిడతో విభేదిస్తే మేం బ్యాటరీ మారుస్తాం.

కత్తిరించిన బట్ట వేలెడు వెడల్పు పీలికలవుతుంది. పీలికలు ఉండలవుతాయి. వెనక గదిలో మంచం పట్టాల్సిన చోటంతా ఆక్రమించుకుని ఓ మగ్గం ఉంది. దాని మీద నిలువుగా తెల్లటి నూలు దారాల పడుగు బిగించి, అడ్డంగా ఈ పీలికల్ని నేసి, హాల్లోకి తివాచీ చేస్తుంది. పాతది అరిగిపోతే కొత్తది మొదలు. పాతదాంట్లో ఇంకా గట్టిగా ఉన్న పీలికలు కొత్తదాంట్లోకి వెళ్తాయి. వాళ్ళమ్మా, అమ్మమ్మా చేసిన పనే. అందుకే మా హాల్లోకి చెప్పులతో రాకూడదు. తొక్కేది వంశాన్ని.

వంశం అని ఊరికే అనడం లేదు. వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపి మరీ చూపిస్తుంది. బూడిదరంగు పట్టీ మామగారి ఫ్యాక్టరీ యూనిఫాం. ఎర్రది ఆడపడుచు మొదటి గౌను. పసుపు చారలు వాళ్ళమ్మమ్మ దుప్పటి, రంగు ఇంకా దిగలేదు. గోధుమరంగుది మా ఆయన స్కూలు నిక్కరు, దాని చరిత్ర నేనిక్కడ చెప్పను. చివర్లో గళ్ళది కుక్క పడుకునే గుడ్డ. ఆ కుక్క ఈ ఇంటికి నా తర్వాత వచ్చింది.

నేను లేను.

కారణం ఆవిడ పెళ్ళైన కొత్తలోనే చెప్పేసింది. "నీవన్నీ జారుడు బట్టలు. పడుగులో నిలవవు. నాలుగు ఉతుకులకి ఊడొస్తాయి." నిజమే, నేను సింథటిక్ తప్ప వేసుకోను. ఇస్త్రీపెట్టెకీ నాకూ పడదు. ఓసారి నూలు డ్రెస్సు కొనుక్కొచ్చి ఆవిడ కత్తెర ముందు పెట్టాను. ముట్టుకోలేదు. "కొట్లోంచి తెచ్చి చింపితే అది కొట్టువాడి బట్ట. నీ ఒంటి మీద పాతబడాలి."

నేను పట్టించుకోవడం మానేశాను. అంటే, మానేశానని అందరికీ చెప్పాను.

మొన్న మా అమ్మాయి తన స్నేహితురాలికి తివాచీ చూపిస్తోంది, అచ్చం నాయనమ్మ ధోరణిలో. తాత, అత్త, నాన్న, కుక్క.

"మరి మీ అమ్మేదీ?" అంది ఆ పిల్ల.

"అమ్మ నిలవదు. జారుతుంది" అంది మా అమ్మాయి, టైమెంతో చెప్పినట్టు.

వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పూట కూరలో ఉప్పెంత పడిందో నాకు తెలీదు; తిన్నవాళ్ళకి తెలుసు.

ఆ వారమే అత్తగారు వాళ్ళక్కగారింటికి వెళ్ళింది. మగ్గం మీద కొత్త తివాచీ సగంలో ఉంది. నేను నా నీలం డ్రెస్సు తీశాను. ఈ ఇంట్లో సగం వంటలు అందులోనే చేశాను; మోచేతుల దగ్గర పల్చబడిపోయింది. ఒంటి మీద పాతబడడమంటే ఇంతకంటే ఏముంటుంది.

"అమ్మని అడిగావా?" అన్నాడు మా ఆయన గుమ్మంలోంచి.

"మీ నిక్కరు వేసేటప్పుడు మిమ్మల్ని అడిగారా?"

ఆయనకి హాల్లో ఏదో పని గుర్తొచ్చింది.

డ్రెస్సు కత్తిరించి పీలికలు ఉండలు చుట్టి, ఒక పీలిక పడుగులో వేసి పన్నెతో కొట్టాను. పన్నె అంటే మగ్గానికుండే పెద్ద దువ్వెన, వేసిన వరసని ముందు వరసకి దగ్గరగా జరుపుతుంది. జరిగింది. వేలితో లాగితే అంతే సుఖంగా బయటికొచ్చింది. అత్తగారు ఊళ్ళో లేకపోయినా ఆవిడ మాట చెల్లుతోంది. ఉండలు ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. అప్పుడే మా అమ్మాయి తలస్నానం చేసి, దువ్వెనా రిబ్బనూ పట్టుకొచ్చి నా ముందు చతికిలబడింది. తలస్నానం చేసిన జుట్టు ఎలా జారుతుందో తల్లులకి చెప్పక్కర్లేదు. క్లిప్పు నిలవదు, రబ్బరు నిలవదు. బిగించి జడేస్తే మాత్రం సాయంత్రం దాకా కదలదు.

సగం జడలో నా చేతులు ఆగిపోయాయి.

"అమ్మా, మిగతాది?"

"నీది తర్వాత."

మూడేసి పీలికలు కలిపి జడలల్లి, ఆ జడల్నే పడుగులో అడ్డంగా వేశాను. పన్నె కొట్టీ కొట్టీ భుజాలు పోయాయి. కానీ లాగితే రాలేదు. జానెడు పట్టీ, నీలంగా, కాస్త ఉబ్బెత్తుగా కూర్చుంది.

అత్తగారు ఊరినించి వచ్చి, సంచీ దించకుండానే వెనక గదిలోకి వెళ్ళింది. అందరికీ అటే ఏదో పని పడింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మగ్గం మీదకి వంగింది.

"అంచులు లోపలికి లాగేశావు. తివాచీకి ఇక్కడ నడుం వచ్చింది."

"నాకు పోయి చాలా కాలమైంది కదా అత్తయ్యా. దానికైనా ఉండనివ్వండి."

ఆవిడ నవ్వలేదు. "ఇది ఊడుతుంది. ఊడితే పక్క వరసలు కూడా వదులైపోతాయి. ఇప్పుడే విప్పేస్తే నయం."

"ఊడితే విప్పేయండి" అన్నాను. పక్కకి జరిగి ఆవిడకి దారిచ్చాను. "మీ చేత్తోనే లాగండి. ఒక్క వరస వచ్చినా ఇంకెప్పుడూ అడగను."

గోటితో గీరింది. కొక్కెం తెచ్చి గుచ్చి లాగింది. చివరికి మగ్గానికి కాలు తన్నిపెట్టి లాగింది. మగ్గం కదిలింది, జడ కదల్లేదు.

ఆవిడ మగ్గం ముందున్న బల్ల మీద కూలబడింది.

"ఇదేం అల్లిక?"

"జడ."

"జడా." వేలితో దాని మీద అటూ ఇటూ రాసింది. "మా అమ్మ కూడా జారేదాన్ని పారేసేది. ఆవిడ చెప్పిందే నేనూ చెప్పాను." కళ్ళజోడు తీసింది. "నిలవదన్నాను. నిలిచింది. నేనన్నది తప్పు."

మా ఆయన వెళ్ళి తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఏమన్నారత్తయ్యా? మగ్గం చప్పుడులో సరిగ్గా వినబడలేదు" అన్నాను. మగ్గం ఆగే ఉంది.

ఆవిడ కొడుకు చెయ్యి విదిలించేసి, పక్కింటికి కూడా వినబడేలా అంది. "అంచు ఎలా పట్టాలో రేపు చూపిస్తాను. ఇన్నేళ్ళూ నిన్ను బయట ఉంచడం తప్పు. నాదే."