కంకిపాడు పెళ్లికి బయల్దేరిన చేప

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. నా రాత నత్తనడక. ఈ కాస్త కథకే నెల పట్టింది.

పాండురంగయ్యగారు చేనేత ఇంట పుట్టి, మగ్గం వదిలేసి, ముప్పై ఏళ్లుగా ఒక వారపత్రికకు వింత కథలు రాస్తున్నారు. ఈమధ్య వరసగా రెండు తిరిగొచ్చాయి. "ఆదివారం పదకొండుకల్లా మంచి కథ రాకపోతే మీ పేజీ వంటలకిచ్చేస్తామండీ" అన్నాడు ఎడిటర్ సూర్యప్రకాష్. ఆ పేజీ పోతే తన బుర్రలో తిరిగే వింతలన్నీ ఎక్కడ దించుకోవాలో ఆయనకు తోచలేదు.

ఆదివారం పదింటికి కాగితాలు పట్టుకుని పటమటలో చేపలమ్మే రావమ్మ దగ్గరికి వెళ్లారు. ఏ కథైనా ముందు ఆమెకు వినిపించాల్సిందే. కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగితే కథ నిలిచినట్టు.

ఆయన చదవడం మొదలుపెట్టారు: కృష్ణలోంచి ఒక బొచ్చె చేప లేచి, బ్యారేజీ మీదుగా ఎగురుకుంటూ కంకిపాడులో మేనకోడలి పెళ్లికి బయల్దేరింది. రావమ్మ చెయ్యి ఆగింది. పాండురంగయ్యగారి ప్రాణం లేచొచ్చింది.

"ఎంతసేపు ఎగిరిందండీ?"

"అరగంట."

"అయితే పెళ్లికి శవం చేరింది."

"ఎగరడం నమ్మావు కదా రావమ్మా."

"ఎగిరితే ఎగిరింది, దాని సరదా. నీళ్లు లేకండా బొచ్చె అరగంట బతుకుద్దా? మగ్గాలోళ్లకి చేపలెందుకండీ."

పక్క కొట్టు కోటి బకెట్ చూపించాడు. "కొర్రమీనుని పెట్టండి గురువుగారూ. పొద్దున్నించీ బయటికి దూకుతానే ఉంది, చావదు."

ఆయన బొచ్చెను కొట్టేసి కొర్రమీను అని రాశారు.

"కొర్రమీను పిల్లల్ని ఒదిలి పెళ్లికెళ్లదు" అంది రావమ్మ.

"పిల్లల్నీ తీసుకెళ్తుంది."

"అయ్యి అంతదూరం ఎగరలేవు. బస్సెక్కించండి."

చేపలు కొనడానికొచ్చిన తెరేసమ్మ సంచీ కింద పెట్టేసింది. "ఆడచేపైతే టిక్కెట్టు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు."

"దానికి ఆధార్ ఎక్కడిదే? వేలిముద్ర పడొద్దూ?" అంది రావమ్మ.

"మొప్ప ముద్ర ఎయ్యమను."

కొనేవాళ్లు బేరాలు మానేశారు. పాండురంగయ్యగారు నవ్వలేక, రాయలేక, పొలుసులంటిన కాగితం మీదే బరబరా గీస్తున్నారు. పదకొండుకు ఐదు నిమిషాలుందనగా ఫోన్ చేసి, సగం తాను చదివి, సగం బజారు చేత చెప్పించారు. అవతల ఎడిటర్‌కు నవ్వి నవ్వి పొలమారింది.

"పేజీ మీదేనండీ బాబూ. ఇంతకీ చేప కంకిపాడులో దిగిందా? ముగింపు చెప్పండి, పేజీ పంపెయ్యాలి."

పాండురంగయ్యగారు రావమ్మ వైపు చూశారు.

రావమ్మ మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కుంది. "దిగిందని రాసుకోమనండి. పెళ్లి భోజనాల్లో ఏ కూరొండారో మాత్రం దానికి చెప్పొద్దనండి."

— శ్రీరాముల మంగాయమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు, ప్రస్తుతం ఉండేది కంకిపాడు.