నల్ల బొత్తాం

మా పో నది డెల్టాలో భార్య పోయిన మగవాడు ఏడాదిపాటు కోటు కాలరుకు నల్ల బొత్తాం పెట్టుకుంటాడు. ఆడవాళ్ళు నిలువునా నలుపే తొడుక్కుంటారు. పిల్లలకు ఏదీ ఉండదు. వాళ్ళు త్వరగా మరిచిపోతారని పెద్దవాళ్ళు అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

నా భార్య అర్మీడా పోయినప్పుడు మా అమ్మాయి ఇయోలెకు ఏడేళ్ళు. నాది పాముల్లాంటి మలుగు చేపలు పెంచే మడుగుల్లో కాపలా పని. వారమంతా అక్కడి గుడిసెలోనే ఉండేవాణ్ణి. పని ఉండి కాదు. ఇంటికి వెళ్తే పిల్ల నా మొహంలోకి చూసేది.

నెలనాటి ప్రార్థనకు ఇయోలెను తీసుకుని వెళ్తుంటే చర్చి మెట్ల మీద మరదలు జెలిండా నన్ను ఆపింది. చనిపోయిన అక్క నల్ల కోటు వేసుకుని ఉంది. దానికి పై బొత్తాం లేదు. అది ఇయోలె స్కూలు గౌను కాలరుకు ఉంది, తెల్లదారంతో అడ్డదిడ్డంగా కుట్టి.

“దొంగ ఎక్కడో లేదు బావా, నీ పక్కనే నిలబడింది” అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. “చేపలకు కాపలా కాస్తే సరా, ఇంట్లో పిల్లని చూసుకోవద్దూ?” అన్నాడు ఒకాయన.

అందరి ముందూ ఇయోలెను కొట్టాను. దారం తెంపి బొత్తాం లాగేశాను.

అది ఏడవలేదు. “నీకుంది కదా నాన్నా” అంది.

బొత్తాం జేబులో వేసుకుని మధ్యాహ్నానికే మడుగులకు వెళ్ళిపోయాను. ఆ తరువాత అది నా ముందు తల్లి పేరు ఎత్తలేదు. యాభై ఏళ్ళు దాటాయి.

ఇప్పుడు ఆదివారాలు వస్తుంది. మొక్కజొన్న పిండితో పొలెంటా వండుతుంది, గిన్నెలు కడుగుతుంది, బస్సెక్కుతుంది. పోయిన ఆదివారం పొగాకు డబ్బా తెరిచి, అందులో దాచిన ఆ బొత్తాం బల్ల మీద పెట్టాను. తప్పు చేశానని చెప్పడానికి నాలుగు రోజులుగా మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు.

“పారేశావనుకున్నా” అంది ఇయోలె.

“లేదు.”

“అప్పుడు అడిగితే ఇచ్చేవాడివా?”

“ఇచ్చేవాణ్ణి కాదు.”

లేచి వెళ్ళి తన కోటు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. “సూది సొరుగులో ఉంది. నువ్వే కుట్టు.”

దారం మూడుసార్లు తప్పింది. అది సాయం చెయ్యలేదు, చూస్తూ కూర్చుంది. నేను తల ఎత్తలేదు.

“వంకరగా పెట్టావ్ నాన్నా.”

“విప్పి మళ్ళీ కుట్టనా?”

“వద్దులే. బస్సుకి టైమైంది.”

గుమ్మంలో నిలబడి చూశాను. రోడ్డు మలుపు దాకా దాని చెయ్యి కాలరు మీదే ఉంది. పిలిచి, తప్పు చేశానన్న ఆ మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.