మూడు రెక్కల తెర

నేను ఒక తెరను. నాటకాల తెరను కాదు, పెళ్ళిలో వధూవరుల మధ్య పట్టే తెరను అసలే కాదు. మూడు ఇనుప చట్రాలు, వాటికి బిగించిన ఆకుపచ్చ గుడ్డ, కింద చక్రాలు, అంతే నేను. ఆసుపత్రిలో మంచం చుట్టూ నిలబడి ఉండగా మీరు నన్ను చూసే ఉంటారు. చూసి, వెంటనే చూపు తిప్పుకునీ ఉంటారు.

కాకినాడలో ఒక వెల్డింగు షాపులో పుట్టాను. ఒక గుడికి గేటు చేయగా మిగిలిన గొట్టాలతో నన్ను అతికారు. గేటుకు కొబ్బరికాయ కొట్టారు. నాకు కొట్టలేదు.

మొదట ఒక చిన్న ఆసుపత్రికి వెళ్ళాను. ఇంజెక్షనుకు సిగ్గుపడే పెద్దమనుషులను దాచడం నా పని. గుడ్డ అడ్డం ఉంటే మాట కూడా బయటకు పోదని మనుషులకు ఎంత నమ్మకమో! నా వెనక చేరి కోడళ్ళు చెప్పుకున్న చాడీలన్నీ ఇటుపక్క బల్ల మీద కూర్చున్న అత్తగార్లు హాయిగా వినేవారు. కొన్నేళ్ళకు ఆ ఆసుపత్రిలో కొత్త కర్టెన్లు వేయించి, నన్ను సామర్లకోటలోని ఒక వృద్ధాశ్రమానికి దానం చేశారు. అక్కర తీరిన వస్తువును ఇస్తే ఎంత పుణ్యమో నాకు తెలియదు గాని, ఫొటో మాత్రం తీయించుకున్నారు.

ఆశ్రమంలో ఆడవాళ్ళ హాలుకు పెద్ద దిక్కు అనసూయ. నర్సు పని నేర్చిన మనిషి, దైవభక్తి గలది. ఎవరికైనా ఆఖరి రోజులు వస్తే ఆవిడ నన్ను తోసుకొచ్చి ఆ మంచం చుట్టూ నిలిపి, లోపల ఫోనులో విష్ణు సహస్రనామం సన్నగా పెట్టేది. పోయేవారికి ప్రశాంతంగా ఉండాలి, మిగిలినవారు బెదరకూడదు, ఇదే ఆవిడ ఆలోచన. అందులో తప్పేముంది? కాని నేను కదిలితే చాలు, హాలులో మాట ఆగిపోయేది. తినే కంచం పక్కకు జరిగిపోయేది. "పిలుపులకి వచ్చింది చూడండర్రా" అని వరాలమ్మ ఒక వేళాకోళం ఆడి, ఆ వెంటనే దుప్పటి ముసుగు పెట్టి గోడవైపు తిరిగేది.

వరాలమ్మ పక్క మంచం పేరంటాలుది. ఒకప్పుడు రైల్వే స్టేషను బయట టీ కొట్టు నడిపిన మనిషి. గొంతు చిన్నది చేసి మాట్లాడడం ఆవిడకు చేతకాదు. ఇద్దరూ వదినా వదినా అనుకుంటూ రోజంతా అష్టాచెమ్మా ఆడేవారు, గవ్వలు తిప్పడంలో దొంగాట ఆడావని రోజూ పోట్లాడుకునేవారు.

పేరంటాలుకు కేన్సరు ముదిరింది. ఆశ్రమానికి వచ్చే డాక్టరు చూసి, ఇప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినా గొట్టాలు పెట్టడం తప్ప ఒరిగేదేమీ లేదన్నాడు. నొప్పి తగ్గడానికి మందు రాశాడు. పక్కకు తిప్పుతూ ఉండండి, తినమని బలవంతం చేయకండి, పెదవులు తడుపుతూ ఉండండి అని చెప్పాడు. మందు వేశాక ఆవిడ ముఖం తేటపడింది. ఆ మధ్యాహ్నమే అనసూయ నన్ను తోసుకొచ్చింది.

పేరంటాలు నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఇదొద్దమ్మా."

ప్రశాంతంగా ఉంటుందని అనసూయ నచ్చచెప్పబోయింది. రైళ్ళ చప్పుడులో బతికినదాన్ని, సద్దు లేకపోతే కన్ను కూడా మూతపడదని పేరంటాలు అంది. కాసేపు ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అంది.

"గుళ్ళో నైవేద్యం పెట్టేటప్పుడు తెరేత్తారు, మళ్ళీ తీసేత్తారు. అప్పుడు సామి కనపడతాడు. నాకేత్తే, తీసేటప్పటికి నేనుండనుగా."

అనసూయ చేయి నా చట్రం మీదే ఉండిపోయింది. ఇంతకాలం ఎవరికో మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆ మేలు కావాలో వద్దో మంచం మీద ఉన్నవారిని అడిగినవారిని మాత్రం నేను చూడలేదు.

తెర తీసేస్తే పక్క మంచం మనిషి తట్టుకోవాలి కదా. అనసూయ వరాలమ్మను అడిగింది. వరాలమ్మకు కోపం వచ్చింది. తాను చూడలేనని, తనను అడగొద్దని, కావాలంటే తన మంచమే మార్చమని చెప్పి విసురుగా వరండాలోకి వెళ్ళిపోయింది. అన్నానికీ రాలేదు. పేరంటాలు గుమ్మం వైపే చూస్తూ పడుకుంది, పిలవలేదు. సగం విప్పిన రెక్కలతో నేను రెండు మంచాల మధ్య నిలబడి ఉన్నాను.

పొద్దు వాలుతుండగా వరాలమ్మ వచ్చింది. ఎవరినీ చూడకుండా నన్ను తన చేత్తోనే గోడవారకు నెట్టింది.

"దీని ఎనకాల ఏం జరుగుద్దో తెలీకే ఇన్నాళ్ళూ హడిలి చచ్చేను. కనపడితే చూత్తాను. ఏడుపొత్తే ఏడుత్తాను. ఏం వదినా, నేనేడిత్తే నీకేవన్నా ఇబ్బందా?"

"గట్టిగా ఏడు. లేపోతే నాకినపడదు" అంది పేరంటాలు.

ఆ తరువాత రోజులను నేను గోడవార నుంచి చూశాను. పేరంటాలు మంచం అంచునే అష్టాచెమ్మా పీట పెట్టారు. ఆవిడ గవ్వలు వరాలమ్మే వేసేది. నొప్పి తిరగబెట్టినప్పుడు అనసూయ మందు వేసి, తగ్గేదాకా చేయి పట్టుకునేది. సహస్రనామం ఫోనులో పెట్టడం మాని తానే కుర్చీ వేసుకుని చదివేది. తెలిసినవారు గొంతు కలిపేవారు. తెలియనివారు మధ్యలో కాఫీ ఎప్పుడొస్తుందని అడిగేవారు. భగవంతుడు ఆ రెండూ వినే ఉంటాడు.

ఒక ఉదయం వరాలమ్మ తడి దూదితో పేరంటాలు పెదవులు అద్దుతూ ఆగిపోయింది. తులసినీళ్ళు తెమ్మని నెమ్మదిగా అంది. హాలంతా మంచం దగ్గరకు చేరింది. అలవాటుకొద్దీ అనసూయ కళ్ళు నా వైపు తిరిగాయి గాని, ఆవిడ లేవలేదు. వరాలమ్మ దువ్వెన తీసుకుని వదిన తల దువ్వింది. అన్న మాట ప్రకారం గట్టిగానే ఏడ్చింది. ఆ రోజు ఎవరూ గోడవైపు తిరగలేదు.

చిత్రమేమిటంటే, ఆ తరువాత హాలులో అందరికీ నోళ్ళు వచ్చాయి. పెరుగన్నం సంగతి చెప్పుకున్నంత మామూలుగా ఆఖరి రోజుల సంగతి మాట్లాడుకోసాగారు. ఒకావిడ కిటికీ పక్క మంచం కావాలంది. ఒకావిడ తనకు ఏ గొట్టాలూ పెట్టించవద్దని అనసూయ చేత ఒట్టు వేయించుకుంది. నేను ఇక పాత సామాన్ల గదికే అనుకున్నాను.

చివరగా మాణిక్యాంబగారు నోరు విప్పారు. నలుగురిలో జడ వేసుకోవడానికి కూడా మొహమాటపడే మనిషి.

"నాకు మాత్రం తెర ఉండాలి అనసూయా. నన్నలా అందరూ చూడడం నాకిష్టం లేదు. నువ్వొక్కదానివి లోపల కూర్చో, చాలు."

అలాగేనండి అంది అనసూయ. ఇంతకాలంలో నన్ను కావాలని అడిగింది ఆవిడ ఒక్కరే. మాణిక్యాంబగారు ఇప్పుడు బాగానే ఉన్నారు, పొద్దున్నే లేచి మల్లెచెట్టుకు నీళ్ళు పోస్తున్నారు. అనసూయ నా గుడ్డ విప్పి ఉతికి ఆరేసింది. నాకేమీ తొందర లేదు.